పైలట్‌ని వెనక్కి తెచ్చేదెవరు?

సంపాదకుడు గారికి,

మాది దుండిగల్ దగ్గర. పొద్దున్నే డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వాయుసేన అకాడమీ శిక్షణ విమానాలు తల మీదుగా చుట్లు కొడుతుంటాయి. అందులో కూర్చున్న కుర్రాడు రేపు యుద్ధంలో శత్రువు గడ్డ మీద పారాచూట్‌తో దిగాల్సి వస్తే, వెళ్లి తెచ్చేదెవరు, ఏ హెలికాప్టర్లో? కొత్త ఫైటర్ జెట్ల గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం గానీ ఈ ప్రశ్న పెద్దగా ఎవరూ అడగరు.

1999 మే 27న కార్గిల్‌లో ఇంజిన్ ఆగిపోయి మన పైలట్ నచికేత మిగ్-27 ఫైటర్ జెట్ నుంచి బయటపడ్డారు. ఆయన ఎక్కడ పడ్డారో చూద్దామని స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా తన మిగ్-21తో అక్కడే తిరిగారు, క్షిపణి తగిలింది, ప్రాణాలతో రాలేదు. నచికేతేమో పాకిస్తాన్ చేతికి చిక్కారు. కొండల్లో మనిషిని వెతకాల్సిన పని జెట్ మీద పడిందంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. మర్నాడే దాడికి వెళ్లిన మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చేశారు, నలుగురు పోయారు. క్షిపణిని దారి మళ్లించే ఫ్లేర్లు దానికి లేవు. అంత ఎత్తులో గాలి పలచన, హెలికాప్టర్ మోసే బరువు తగ్గిపోతుంది, అలాంటి చోటికి ఆ పూట ఏది ఖాళీగా ఉంటే దాన్ని పంపితే మనిషిని కాపాడబోయి ఇంకో నలుగుర్ని పోగొట్టుకుంటాం.

సరే, మంచి హెలికాప్టర్ కొన్నామే అనుకుందాం, ఆజ్ఞ ఎవరిది? 2019 ఫిబ్రవరి 27న, మన పైలట్ అభినందన్ పాకిస్తాన్‌కి పట్టుబడిన రోజే, బడ్గామ్‌లో మన క్షిపణే మన ఎంఐ-17ని కూల్చింది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఒక స్థానికుడు చనిపోయారు. మన ఆకాశంలోనే ఇలా జరిగితే, సరిహద్దు దాటి పైలట్‌తో తిరిగొచ్చే హెలికాప్టర్ సంగతేంటి?

అమెరికా కూడా ఇందులో తడబడింది. పైలట్లని వెనక్కి తెచ్చే దళాల్ని 2003లో తమ వాయుసేనలోని స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్‌కి ఇచ్చి 2006లో వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది ఈ పనికి బోయింగ్ కంపెనీ తయారుచేసే పెద్ద హెలికాప్టర్‌ని వాయుసేన ఎంచుకుంటే పోటీ కంపెనీలు ఫిర్యాదు చేశాయి, 2009లో ఆ కొనుగోలే రద్దయింది, చివరికి 2014లో గానీ పోటీ కంపెనీల్లో ఒకటైన సికోర్‌స్కీకి కాంట్రాక్ట్ దక్కలేదు.

మన దగ్గర థియేటర్ కమాండ్‌ల (ఒక ప్రాంతంలోని త్రివిధ దళాల్ని ఒకే అధిపతి కింద పెట్టడం) చర్చ నడుస్తోంది కాబట్టి ఇది ఇప్పుడే తేలాలి. హెలికాప్టర్లు, వాయుసేన ప్రత్యేక దళమైన గరుడ్ కమాండోలు, కాపలా ఫైటర్లు అన్నీ ఒకే అధికారి కింద ఉండాలి, నేల మీద నుంచి క్షిపణులు ప్రయోగించే దళానికి ‘ఆగు’ అని చెప్పే హక్కూ ఆయనకే ఉండాలి. ఆ అధికారి ఎవరో రక్షణ శాఖ చెప్పాలి.

— ఒక పాఠకురాలు, దుండిగల్