ముందు నీ మీటింగు వెతుక్కోరా

ఒరేయ్,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ నిన్ను అడిగింది. మిగతా కబుర్లు మళ్లీ. నువ్వు డీ-అడిక్షన్ సెంటర్లో కౌన్సిలర్‌గా చేరుతున్నావని చదివినప్పటి నుంచి ఒక్కటి చెప్పేదాకా మనసు ఆగడం లేదు.

ఇన్నాళ్లూ నువ్వు మళ్లీ తాగకుండా నిలబెట్టిన, తాగుడు మానినవాళ్ల ఆ మీటింగుకే ఏదో ఒక రోజు నీ క్లయింటు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంటాడు. (నువ్వు నన్ను 'మూడో కుర్చీ' అనడం గుర్తొచ్చి నవ్వకు, తర్వాత నవ్వుదాం.) అతని ముందు "నిన్న రాత్రి తాగాలనిపించింది" అని నోరు విప్పగలవా? మింగేస్తావు. మరుసటి వారం కూడా మింగేస్తావు. రోజంతా సెంటర్లో రికవరీ గురించే మాట్లాడుతున్నాను కదా, చాల్లే అనిపిస్తుంది. అక్కడే దెబ్బ తింటాం రా. ఆ మాటలు వాళ్ల కోసం మాట్లాడేవి. నీ గోడు ఎవరు వినాలి?

అందుకే చేరకముందే క్లయింట్లు రాని మీటింగు ఒకటి చూసిపెట్టుకో, ఆన్‌లైన్‌దైనా సరే. ప్రతి క్లయింటుకీ మొదటి సెషన్‌లోనే చెప్పెయ్: "బయట కనబడితే నేనుగా పలకరించను. మీరు పలకరిస్తే పలుకుతాను. చికిత్స సంగతులు మాత్రం ఇక్కడే." క్లయింటుకి స్పాన్సర్‌గా, అంటే మానడంలో వెన్నంటి ఉండే పాత సభ్యుడిగా మాత్రం ఉండకు. స్పాన్సర్ జీతం తీసుకోడు, కేసు ఫైలు రాయడు. నువ్వు రెండూ చేస్తావు. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) వాళ్ల ఎనిమిదో సంప్రదాయం ఇందుకే కదా, పన్నెండో మెట్టు సేవకి, అంటే తాగుడుతో బాధపడే మరొకరికి సాయపడటానికి డబ్బు ముట్టకూడదని. కౌన్సిలింగ్‌కి జీతం తీసుకోవచ్చు. ఒకే మనిషి దగ్గర రెండూ కలపకూడదు, అంతే.

"మీరూ తాగేవారా సార్?" అని అడిగి తీరతారు. దాచక్కర్లేదు. రెండు వాక్యాల్లో చెప్పి మాట అతని వైపు తిప్పెయ్. నీ కథ పది నిమిషాలు సాగితే అతని గంట నువ్వు వాడుకున్నట్టే.

నీకు కలిసొచ్చిన దారే అందరికీ రుద్దకు. హెరాయిన్ లాంటివాటి అలవాటుకి డాక్టర్లిచ్చే చికిత్స మందు బుప్రెనార్ఫిన్ మీద ఉన్నవాణ్ని "ఇంకా మానలేదు" అని ఎప్పుడూ అనొద్దు. ఆ మాటకి సిగ్గుపడి ఆ చికిత్స ఆపేసి మళ్లీ హెరాయిన్ ముట్టుకుంటే, అప్పటికి ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, పాత మోతాదే ప్రాణం తీయొచ్చు. తలుచుకుంటేనే భయమేస్తుంది.

ఇంకో పని, కాగితం మీద పెట్టు: నీకు మనసు లాగితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, జారి మళ్లీ తాగితే నీ కేసులు ఎవరు చూడాలి. ఒక కాపీ సూపర్‌వైజర్‌కి ఇచ్చెయ్. ఉద్యోగం పోతుందన్న భయంతో దాచేవాళ్లే ఇంకా లోతుకి పోతారు. కాగితం ముందే ఉంటే నోరు విప్పడం కొంచెం తేలిక.

నైట్ డ్యూటీలు, నిద్ర సంగతి కూడా రాయాలి, ముఖ్యంగా వరసగా మూడు రాత్రులు పడితే... అదిగో, పిలుస్తున్నారు. మీటింగు దొరికిందో లేదో వెంటనే రాయి.

నీ
మూడో కుర్చీ