కంప్లీట్ కిట్ అని అమ్మి సగం భాగాలే పంపారు: మస్టాంగ్ రియర్ సస్పెన్షన్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 2011 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారుకు మీరు ఎంపిక చేసి అమ్మిన రియర్ (వెనక చక్రాల) సస్పెన్షన్ కిట్ వాపసు, ఫిట్టింగ్ ఖర్చు చెల్లింపు.

నమస్కారం. కొనేముందు మీ టెక్ సపోర్ట్‌లో నాతో మాట్లాడినాయన తెలుగువారు. మా సంభాషణ అంతా తెలుగులోనే జరిగింది. ఆయన అన్న మాటలే ఈ ఫిర్యాదుకు ఆధారం కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

ఆరోజు నేను ఏదీ దాచకుండా చెప్పాను. కారు 2011 జీటీ, 5.0 ఇంజన్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 412 హార్స్‌పవర్, ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే సూపర్‌చార్జర్ వేశాక దాదాపు 600. వారమంతా ఫ్రిస్కో నుంచి డల్లాస్ ఆఫీసుకు దీంట్లోనే వెళ్తాను, వీకెండ్లో వెనక సీట్లో పిల్లలుంటారు. అప్పుడప్పుడూ ఎన్నిస్‌లో డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి దారిలో వేగ పందేలు జరిగే ట్రాక్‌కి) తీసుకెళ్తాను. గ్యాస్ తొక్కగానే వెనక ఇరుసు ఎగిరెగిరి పడుతోంది, ఈ వీల్ హాప్ పోవాలి, కారు ఒక అంగుళంన్నర కిందికి దిగాలి, ఏమేం వేయాలో మీరే చెప్పండి అని అడిగాను. ఆయన జవాబు నాకు బాగా గుర్తుంది: "అన్నా, ఈ కిట్ వేస్తే చాలు, వెనకవైపు ఇంకేం ముట్టుకోనక్కర్లేదు." ఆ తర్వాత ఈమెయిల్‌లో కూడా అదే రాసి, మీ కంప్లీట్ కిట్ లింకు పంపారు.

పెట్టెలో వచ్చినవి కారును దించే లోయరింగ్ స్ప్రింగులు, ఇరుసును బాడీకి కలిపే లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు (వాటి రెండు కొసలా రబ్బరు కంటే గట్టివైన పాలీయూరిథేన్ బుష్‌లు), మలుపుల్లో బాడీ ఒరగకుండా ఆపే లావుపాటి వెనక స్వే బార్. అంతే. ఆర్మ్‌ల కోణం సరిచేసే రీలొకేషన్ బ్రాకెట్లు లేవు, ఇరుసు పక్కకు జరగకుండా పట్టే, పొడవు మార్చుకోగల పాన్‌హార్డ్ రాడ్ లేదు, అప్పర్ ఆర్మ్ లేదు, స్ప్రింగుల ఊపును అదుపు చేసే షాక్స్ లేవు. అవి కూడా కావాలా అని బిగించకముందే ఫోన్ చేసి అడిగితే, అవన్నీ రేసులవాళ్లకి, మీకు అనవసరం అన్నారు.

నా అభ్యంతరమంతా ఈ మాట దగ్గరే. 2005 నుంచి 2014 దాకా వచ్చిన మస్టాంగ్ జీటీల్లో వెనక ఉన్నది సాలిడ్ ఇరుసు, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి దూలం. కింద రెండు ఆర్మ్‌లు, పైన డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద ఒక ఆర్మ్, అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్. ఈ నాలుగే ఆ ఇరుసును దాని చోట నిలబెడతాయి. కారును దించితే నాలుగింటి కోణాలూ మారతాయి. సస్పెన్షన్ పార్ట్‌లు అమ్ముకునే షాపుకు ఇది తెలియకపోవడానికి వీల్లేదు.

కింది ఆర్మ్‌ల సంగతే చూడండి. వాటి ముందు కొస బాడీకి, వెనక కొస ఇరుసుకు బిగించి ఉంటుంది. చక్రాలు కారును ముందుకు తోసే బలం ఈ ఆర్మ్‌ల మీదుగానే బాడీకి అందుతుంది. ముందు కొస కాస్త ఎత్తులో ఉంటే ఆ తోపులో కొంత బాడీని పైకి లేపుతూ టైర్లను నేలకేసి అదుముతుంది. కారు దిగితే ముందు కొస బాడీతో పాటు కిందికి వస్తుంది, వెనక కొస మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు గ్యాస్ తొక్కితే వెనక భాగం కూలబడుతుంది, టైరుకు అందాల్సిన పట్టు అందదు. ఆర్మ్ వెనక కొసను ఇరుసు దగ్గర కిందికి తెచ్చి ఆ కోణాన్ని సరిచేసేవే రీలొకేషన్ బ్రాకెట్లు. 600 హార్స్‌పవర్ కారును అంగుళంన్నర దించుతూ అవి అనవసరం అనడం తప్పుడు సలహా.

ఫలితం ఎన్నిస్‌లో కనబడింది. అక్కడి టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లో 1986లో తెరిచినప్పటి నుంచీ పావు మైలు ట్రాకంతా కాంక్రీటే. అలాంటి చోట, నేలను గట్టిగా పట్టే డ్రాగ్ రేడియల్ టైర్లతో, లైను వదలగానే వెనక భాగం కుంగి వీల్ హాప్ మళ్లీ మొదలైంది. నేను వెంటనే గ్యాస్ వదిలేశాను. ఈ హాప్ ఒట్టి చప్పుడుతో పోయేది కాదు. టైరు పట్టుకుని వదిలిన ప్రతిసారీ ఆ దెబ్బ యాక్సిల్ షాఫ్టుకూ డిఫరెన్షియల్ పళ్లకూ తగులుతుంది. అవి విరిగితే ఎంత ఖర్చో మీకు తెలుసు.

అంతకంటే నన్ను భయపెట్టింది మామూలు రోడ్డు. సామ్ రేబర్న్ టోల్‌వే నుంచి డల్లాస్ నార్త్ టోల్‌వేకి వెళ్లే ర్యాంపు మీద, వాన పడి రోడ్డు తడిగా ఉన్నప్పుడు, ఒక కాంక్రీటు జాయింటు దాటగానే కారు వెనక భాగం బయటికి జారింది. వేగం ఎక్కువేమీ లేదు, గ్యాస్ గట్టిగా తొక్కనూ లేదు. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. మలుపులో బాడీ ఒరిగినప్పుడు సాలిడ్ ఇరుసున్న కారులో ఆర్మ్‌లు కొద్దిగా మెలి తిరగాలి. రెండు కొసలా గట్టి పాలీ బుష్‌లుంటే ఆ మెలి సాఫీగా జరగదు, ఆర్మ్‌లే ఇంకో స్వే బార్‌లా పనిచేస్తాయి. దానిమీద మీరు లావుపాటి బార్ కూడా జోడించారు. కోణాలు అప్పటికే చెడి ఉన్నాయి. ఇక తడి రోడ్డు మీద వెనక టైర్లకు పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? కనీసం ఆర్మ్‌కి ఒక కొసనైనా మెలి తిరగనిచ్చే జాయింటు పెట్టి ఉండాల్సింది. రోజూ నడిపే కారుకు ఆ బార్ అసలు ఇవ్వకుండా ఉండాల్సింది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పాన్‌హార్డ్ రాడ్ పొడవు మార్చే వీలు లేకపోవడంతో ఇరుసు మొత్తం ఒక పక్కకు జరిగింది. మెకానిక్ ఫెండర్ అంచు నుంచి దారం వేలాడదీసి కొలిస్తే రెండు పక్కలకూ మధ్య అర అంగుళం తేడా వచ్చింది, ఫొటో జత చేశాను. పాత షాక్స్‌తో కొత్త స్ప్రింగులు వేయడంతో రోడ్డు మీద ప్రతి జాయింటు దగ్గరా సస్పెన్షన్ అడుగంటా కుంగి, దాన్ని ఆపే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటోంది. పినియన్ కోణం (ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్టు డిఫరెన్షియల్‌తో కలిసే కోణం) మారిపోయి 70 మైళ్ల దగ్గర సీటు కింద సన్నగా వణుకు. దాన్ని సరిచేయాలంటే అడ్జస్టబుల్ అప్పర్ ఆర్మ్ కావాలి, అది మీ కిట్‌లో లేదు.

ఇవన్నీ ఫొటోలతో సహా పంపితే మీ జవాబు ఏమిటి? బ్రాకెట్లు, రాడ్, అప్పర్ ఆర్మ్ విడిగా కొనుక్కోండి, పది శాతం డిస్కౌంట్ ఇస్తాం. కిట్ వాపసు మాత్రం కుదరదు, ఒకసారి బిగించిన పార్ట్‌లు తీసుకోం. బిగించకుండా అవి పనికిరావని ఎలా తెలుస్తుందండీ? పైగా మీరు ఇప్పుడు చూపిస్తున్న అప్పర్ ఆర్మ్‌కి రెండు కొసలా రబ్బరు లేని, లోహపు గుండు తిరిగే స్ఫెరికల్ జాయింట్లే. ఈ కారులో అప్పర్ ఆర్మ్ మౌంట్ ఉండేది సరిగ్గా వెనక సీటు కింద. రబ్బరు తీసేసి అక్కడ ఇనుముకు ఇనుము తగిలిస్తే డిఫరెన్షియల్ గేర్ల కూత నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. ట్రాక్ కారుకైతే పర్వాలేదు. పిల్లలు కూర్చునే కారుకు దాన్ని సిఫారసు చేస్తున్నారంటే, నా అవసరం ఏమిటో రెండోసారి కూడా ఎవరూ వినలేదన్నమాట.

నా అవసరానికి ముందు కోణాలు సరిచేయాలి, దించిన ఎత్తుకు తగ్గ షాక్స్ వేయాలి, బుష్‌ల గట్టిదనం సంగతి ఆ తర్వాత చూడాలి. మీరు గట్టిదనం మాత్రమే అమ్మారు. డబ్బు ఎక్కువవుతుందని అప్పుడే చెప్పి ఉంటే నేను ఆగి, దాచుకుని, అన్నీ ఒకేసారి కొనేవాణ్ణి. లేదంటే కారును దించకుండానే ఊరుకునేవాణ్ణి.

టెక్సస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్‌లోని 2.315 సెక్షన్ ఒకసారి చూడండి. కొనేవాడు సరుకును ఏ పనికి వాడతాడో అమ్మేవాడికి తెలిసి, ఎంపికను అమ్మేవాడి నైపుణ్యానికే వదిలేశాడని కూడా తెలిస్తే, ఆ పనికి సరుకు తగినదన్న హామీ ఇచ్చినట్టే. హామీ లేదని మీ ఇన్వాయిస్‌లో ఎక్కడా రాయలేదు. నా అవసరం, మీ సలహా రెండూ ఈమెయిల్‌లో ఉన్నాయి.

కిట్ ధర 760 డాలర్లు, ఫిట్టింగ్‌కు నేను కట్టింది 450, మొత్తం 1,210 డాలర్లు వాపసు ఇవ్వాలి. అలాగే మీ సైట్‌లో ఆ కిట్ పేరులోంచి కంప్లీట్ అన్న మాట తీసేసి, కారును దించేవాళ్లకు ఇంకా ఏమేం కావాలో దాని కిందే రాయాలి. నాలాగే ఇంకొకరు ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ఆ ర్యాంపు మీదికి వెళ్లకూడదు. టెక్సస్ వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దావా వేయడానికి 60 రోజుల ముందు ఇవ్వాల్సిన రాతపూర్వక నోటీసుగా ఈ లేఖను తీసుకోండి. కోర్టుకు వెళ్లాలని నాకు లేదు, మీరు ఆ గడువులోపు స్పందిస్తే ఆ అవసరమూ రాదు.

కారుకు పాత స్ప్రింగులు, పాత ఆర్మ్‌లు, పాత బార్ తిరిగి బిగించేశాను. మీ పార్ట్‌లన్నీ బోల్టులతో సహా తుడిచి మీ పెట్టెలోనే సర్ది ఉంచాను. రిటర్న్ లేబుల్ పంపిన రోజే పార్సిల్ చేస్తాను.

జతపరిచినవి: ఇన్వాయిస్, ఈమెయిల్ కాపీలు, మెకానిక్ బిల్లు, ఇరుసు కొలత ఫొటోలు.

ఇట్లు,
2011 మస్టాంగ్ జీటీ యజమాని,
ఫ్రిస్కో, టెక్సస్