నౌన్ అంటే ఏమిటని అడగడం మానండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడగానే చిన్న తరగతుల్లో ఇంగ్లిష్ గ్రామర్ రివిజన్ మొదలవుతుంది. నౌన్ అంటే ఏమిటి, వెర్బ్ అంటే ఏమిటి, సిమిలీ అంటే ఏమిటి అని అడుగుతారు, పిల్లలు ఒక్క గొంతుతో అప్పజెబుతారు. ప్రశ్నపత్రంలోనూ అవే ప్రశ్నలు కాబట్టి మార్కులూ వచ్చేస్తాయి. అదే పిల్లల ముందు ఒక వాక్యం పెట్టి వెర్బ్ ఎక్కడుందో చూపించమంటే తడబడతారు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఈ నిర్వచనాల ప్రశ్నలు తీసేసి, ఆ మార్కులకు ఒక వాక్యం ఇచ్చి పని చేయించాలని నా విన్నపం.

మనం వల్లె వేయిస్తున్న నిర్వచనాలు చాలావరకు సగం నిజాలు. వెర్బ్ అంటే పనిని తెలిపేది అని నేర్చుకున్నవాళ్లకు ‘ఈజ్’, ‘హావ్’ వెర్బులుగా కనిపించవు. చివర ‘ఎల్ వై’ ఉంటే యాడ్‌వెర్బ్ అనుకున్నవాళ్లు ‘ఫ్రెండ్లీ’ దగ్గర బోల్తా పడతారు, అది యాడ్జెక్టివ్. అయిదు అచ్చుల ముందు ‘యాన్’ వస్తుందని చెబితే ‘యాన్ యూనివర్సిటీ’, ‘ఎ అవర్’ (గంట) అని రాస్తారు. చూడాల్సింది రాసిన అక్షరాన్ని కాదు, నోట పలికే మొదటి ధ్వనిని. పైగా చాలా మాటలకు పుట్టుకతో ఒకే జాతి ఉండదు. ‘ఫాస్ట్ కార్’లో ఫాస్ట్ యాడ్జెక్టివ్, ‘రన్ ఫాస్ట్’లో యాడ్‌వెర్బ్, ఉపవాసం అనే అర్థంలో నౌన్. వాక్యం చూడకుండా దాని పేరు చెప్పడం ఎవరివల్లా కాదు.

తెలుగు పిల్లల తప్పులకు సగం కారణం తెలుగులోనే దొరుకుతుంది. ‘ఆయన మా మాస్టారు’ అన్న వాక్యంలో మనకు క్రియ అక్కర్లేదు, అందుకే ‘హి అవర్ టీచర్’ అని రాస్తారు. మన ‘మీద’, ‘లో’ నామవాచకం తర్వాత వస్తాయి, ‘ఆన్’, ‘ఇన్’ లాంటి ప్రిపొజిషన్ ముందు వస్తుంది. ‘షి గోస్’ అని నేర్చుకున్నాక ప్రశ్నలో ‘డజ్ షి గోస్’ అంటారు. అక్కడ ఆ ‘ఎస్’ ధ్వని ‘డజ్’లోకి వెళ్లిపోయిందని, రెండుచోట్ల ఉండదని బోర్డు మీద బాణం గీసి చూపిస్తే చాలు. ‘డిడ్ యు వెంట్’కూ ఇదే మందు. ఇంకో చిక్కు ఎవరూ పట్టించుకోరు: తెలుగు వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, అది. ఇంగ్లిష్‌లో ఫస్ట్ పర్సన్ అంటే నేను, మన లెక్కలో ఉత్తమ పురుష. ‘గోస్’లోలా ‘ఎస్’ చేరేది మన ప్రథమ పురుష ఏకవచనానికి, దాన్ని ఇంగ్లిష్‌లో థర్డ్ పర్సన్ అంటారు. తెలుగు పీరియడ్, ఇంగ్లిష్ పీరియడ్ ఒకదాని వెంట ఒకటి వచ్చే పిల్లలకు ఇది విడమర్చి చెప్పకపోతే ‘ఎస్’ ఎక్కడ చేర్చాలో ఎప్పటికీ తేలదు.

పది నిమిషాల రివిజన్‌కు ఒక్క వాక్యం సరిపోతుంది. ఉదాహరణకు, ‘ది టైర్డ్ సన్ స్లోలీ క్లోజ్డ్ ఇట్స్ ఐస్’. అలసిన సూర్యుడు మెల్లగా కళ్లు మూసుకున్నాడని అర్థం. వెర్బ్ చూపించమంటే చాలామంది ‘టైర్డ్’ మీద వేలు పెడతారు, చివర ‘ఇ డి’ ఉంది కాబట్టి. అది సూర్యుణ్ణి వర్ణిస్తోంది, యాడ్జెక్టివ్. అసలు వెర్బ్ ‘క్లోజ్డ్’. ‘స్లోలీ’ దానికి యాడ్‌వెర్బ్. ‘ఇట్స్’లో అపాస్ట్రఫీ పెడితే ‘ఇట్ ఈజ్’ అయిపోతుందని ఇక్కడే చెప్పేయొచ్చు. ఇక ఇందులో పర్సనిఫికేషన్ ఉందంటే పిల్లలు నమ్మరు. తెలుగులో సూర్యుడు మహద్వాచకం, అంటే మగవాళ్లను చెప్పే మాటల్లో ఒకటి, ‘సూర్యుడు వచ్చాడు’ అనడం మనకు మామూలు మాట. ఇంగ్లిష్ వాక్యం ఆ సూర్యుణ్ణి ‘ఇట్’ అంటూనే కళ్లు ఇచ్చింది, నిద్రపుచ్చింది. ప్రాణం లేనిదానికి మనిషి లక్షణం అంటగట్టడం అదే. ఆ తేడా పట్టుకున్న పిల్లకు నిర్వచనంతో పనిలేదు.

సాహిత్య పదాలకు మన అలంకారాలే మంచి దారి. సిమిలీని ఉపమతో కలిపి చెప్పండి: ‘హి ఈజ్ యాజ్ బ్రేవ్ యాజ్ ఎ లయన్’లో ఉపమేయం (ఎవరిని పోలుస్తున్నాం), ఉపమానం (దేనితో), సమానధర్మం (ఏ గుణంలో), ఉపమావాచకం (పోలికను తెలిపే మాట) వెతికించండి. అప్పుడు ‘లైక్’ కనిపించిన ప్రతిచోటా సిమిలీ అనరు. ‘ఐ లైక్ బుక్స్’లో పోలికే లేదు. ‘షి లుక్స్ లైక్ హర్ మదర్’లో పోలిక ఉన్నా అది ఉన్నమాటే, అలంకారం కాదు. మెటఫర్‌కు రూపకం, హైపర్‌బలీకి అతిశయోక్తి సరిపోతాయి. అలిటరేషన్‌ను అనుప్రాసతో పోల్చవచ్చు, అయితే అందులో ముఖ్యంగా వినాల్సింది మాటల మొదటి ధ్వని. ‘సిటీ’, ‘కప్’ రెండూ ‘సి’తో రాసినా కలవవు, ‘ఫోన్’, ‘ఫిష్’ వేరే అక్షరాలతో రాసినా కలుస్తాయి.

ఇదంతా చివరి వారంలో కుక్కితే నిలవదు. ఈరోజు నేర్పింది మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు ఒక్కో వాక్యంతో, నోట్‌బుక్ మూసి అడగాలి. తప్పులు కూడా మూడు రకాలుగా విడదీసుకోవాలి. పేరు మరిచినవాళ్లకు ఒక్కసారి గుర్తుచేస్తే చాలు. వాక్యంలో గుర్తించలేనివాళ్లకు మరిన్ని వాక్యాలు కావాలి. గుర్తించినా సొంతంగా రాయలేనివాళ్లతో రాయించాలి. ముగ్గురికీ నిర్వచనం మరో పదిసార్లు రాయమని చెప్పడం పిల్లల సమయాన్ని కాజేయడమే.

ఉపాధ్యాయులు ఇలా చేయాలంటే ప్రశ్నపత్రం అడ్డురాకూడదు. అయిదు మార్కుల నిర్వచనాల చోట ఒక చూడని వాక్యం ఇవ్వండి. మూడు మార్కులు గుర్తించడానికి, ఒకటి కారణం చెప్పడానికి, ఒకటి అలాంటి వాక్యం సొంతంగా రాయడానికి. కారణం తెలుగులో రాసినా ఆ మార్కు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు