గొంతు పోయాక కాదు, ఉన్నప్పుడే ఆదుకోండి: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తాను. కళాకారులకు ప్రభుత్వం ఏమీ చేయడం లేదని ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద కళాకారులకు నెలకు 4,000 రూపాయలు అందుతున్నాయి. దానికి కృతజ్ఞతలు. నా పేచీ వయసు దగ్గరే. డప్పు కళాకారుడికి పింఛను రావాలంటే 50 ఏళ్లు నిండాలి. కేంద్రం ఇచ్చే నెలకు 6,000 రూపాయల సాయానికి 60 నిండాలి. అంటే పాడటం మానేసే వయసుకు పింఛను మొదలవుతుంది. పాడుతున్న వాడి సంగతి ఏమిటి?

మా పని ఎలా ఉంటుందో చెబుతాను. రాయబారం సీను వచ్చేసరికి రాత్రి రెండు దాటుతుంది. కృష్ణ పాత్రధారి గొంతు అప్పటికే అలసిపోయి ఉంటుంది. పద్యం ఎత్తుకోబోయే ముందు అతని ఊపిరి చూసి, జనానికి తెలియకుండా అర శ్రుతి దించాలి. రాగం తీస్తూ అతను ఆగిన చోట హార్మోనియం అందుకోవాలి. ఇది ఏ కోర్సులోనూ రాదు, ఏళ్ల తరబడి కలిసి ఆడితేనే వస్తుంది.

శివరాత్రికి మొదలయ్యే మా సీజను శ్రీరామనవమి, వేసవి తిరునాళ్లు దాటితే పలచబడుతుంది. ఆషాఢంలో కాంట్రాక్టరు ఫోను ఎత్తడు, బయానా ఇచ్చేవాడు ఉండడు. మా కృష్ణుడు ఆ నెలల్లో గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోస్తాడు. ఆ ఘాటు గొంతుకు ఎంత మేలు చేస్తుందో మీకు వేరే చెప్పాలా? 2020లో ఉగాది రోజునే లాక్‌డౌన్ మొదలైంది. నవమి పందిళ్లన్నీ రద్దయ్యాయి. ఆ ఏడాది పని వెతుక్కుంటూ వెళ్లిన వాళ్లలో కొందరు మళ్లీ రంగు పూసుకోలేదు.

నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు చాలా ఉంది, పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ ఆ తోలుతో దీపాల షేడ్లు చేసి అమ్ముకుంటేనే అక్కడ ఇల్లు గడుస్తోంది. చేతిపని మిగిలింది, ఆట తగ్గిపోయింది. కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేళ్లకు ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనిలో కనిపించారు. పతకాలు ఇవ్వడం మనకు బాగా వచ్చు.

కరోనా దెబ్బ తర్వాత ఐర్లండ్ ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. 2022లో 2,000 మంది కళాకారులను ఎంపిక చేసి, మూడేళ్ల పాటు వారానికి 325 యూరోలు ఇచ్చింది. వయసు ఉడిగిన వారికని కాదు, పని చేస్తున్న వారికే ఇచ్చింది. అర్హులైన దరఖాస్తుదారులు వేలల్లో ఉంటే లాటరీ తీశారు. ఎంపిక కాని వారిలో 1,000 మంది పరిస్థితిని కూడా గమనిస్తూ, డబ్బు అందిన వారితో పోల్చి చూశారు. పెట్టిన ప్రతి యూరోకు సమాజానికి 1.39 యూరోల విలువ తిరిగి వచ్చిందని లెక్క తేలింది. పథకాన్ని ఇక ముందూ కొనసాగిస్తామని ఆ ప్రభుత్వం ప్రకటించింది.

అక్కడి డబ్బుతో మనం పోటీ పడలేం, పడమనీ అడగను. 1,000 మందికి నెలకు 10,000 రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 12 కోట్లు అవుతుంది. మూడేళ్లు ప్రయోగంగా చేసి చూడండి. 20 నుంచి 50 ఏళ్ల లోపు వారిని తీసుకోండి. బుర్రకథ, హరికథ, తోలుబొమ్మలు, పద్యనాటకం, డప్పు, ఏదైనా సరే. తబలా, డోలక్ వాయించేవారిని, మేకప్ చేసేవారిని మరచిపోవద్దు. తెర వెనుక వాళ్లని ఎప్పుడూ చివరకే నెడతారు.

ఎవరు నిజమైన కళాకారుడని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఊరి తిరునాళ్ల కరపత్రం మీద పేరు ఉంటుంది, ఆకాశవాణి గ్రేడు ఉంటుంది, ఆడించిన ఉత్సవ కమిటీ పెద్దలు ఉంటారు. రెండు మూడు ఊళ్లలో విచారిస్తే గంటలో తేలిపోతుంది. ఆ తర్వాత లాటరీ తీయండి, అది కూడా జనం ముందు. నా పేరు రాకపోయినా నేను అడగను.

వచ్చే శివరాత్రి లోపు దరఖాస్తులు పిలవగలిగితే మేలు. ఆ దరఖాస్తులో ‘సిఫారసు చేసినవారు’ అనే గడి మాత్రం పెట్టించకండి.

ఇట్లు,
ఒక హార్మోనిస్టు