గొట్టం కొలత లేకుండా ఇకమీదట బుల్లెట్లు పంపం

పాత కాంబినేషన్ తుపాకుల (రైఫిల్, షాట్‌గన్ గొట్టాలు కలిపి చేసినవి) కోసం మా దగ్గర పోత బుల్లెట్లు, అంటే సీసం కరిగించి అచ్చులో పోసినవి, తెప్పించుకునే అందరికీ ఈ సమాచారం. ఇకమీదట తుపాకీ మీద ఉన్న క్యాలిబర్ (తూటా కొలత) పేరు ఒక్కటే చూసి బుల్లెట్లు పంపం. మీ రైఫిల్ గొట్టంలోంచి తోసి తీసిన సీసపు ముక్క మాకు చేరాకే పోత మొదలవుతుంది. "ఎప్పటినుంచో పేలుస్తున్న తుపాకే కదా, ఇప్పుడీ కొలతలెందుకు?" అని కొందరు కోప్పడ్డారు. వాళ్ల విసుగు అర్థమవుతోంది. అయినా ఈ నియమం సడలించం.

జర్మనీలోని సూల్‌లో, ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్‌లో డ్రిల్లింగులు (మూడు గొట్టాల తుపాకులు) చేసిన పాత పనివాళ్లు ఒక్కొక్క తుపాకీని విడివిడిగా తయారుచేశారు. 9.3×72ఆర్ అన్న తూటా పేరు ఒకటే అయినా, గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ల దగ్గర కొలిస్తే ఒకదాంట్లో 9.1 మిల్లీమీటర్లు వస్తుంది, ఇంకోదాంట్లో 9.3 దాటుతుంది. 8×57లోనూ ఇదే తిప్పలు. అందులో జేఆర్ రకం గొట్టం 8.07 దగ్గర, జేఆర్ఎస్ రకం గొట్టం 8.20 దగ్గర ఉంటుంది. పోత బుల్లెట్టు గొట్టం కంటే 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్లు లావుండాలి. సన్నబడితే పక్కల నుంచి గ్యాస్ దూసుకుపోయి గొట్టమంతా సీసం అంటుకుంటుంది, గురి పోతుంది. మరీ లావైతే, ఆ బుల్లెట్టు బిగించిన తూటా చాంబర్లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, బిగుసుకుంటుంది. అది ఇంకా ప్రమాదం.

ముక్క తీయడం కష్టమేం కాదు. ముందుగా తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసుకోండి. గొట్టం శుభ్రం చేసి పల్చగా నూనె రాయండి. గొట్టం కంటే కొంచెం లావున్న మెత్తని సీసపు గుండును మూతి దగ్గర పెట్టి కొయ్య సుత్తితో లోపలికి దిగ్గొట్టండి. తర్వాత కర్ర కడ్డీతో మెల్లగా తోయండి. తోసేటప్పుడు చేతికి తెలిసేదాన్ని తప్పకుండా రాసి పంపండి. అంతదాకా బిగువుగా కదిలిన ముక్క ఒకచోట ఉన్నట్టుండి వదులైతే, అక్కడ గొట్టం ఉబ్బి ఉండొచ్చు. అలాంటి గొట్టానికి మేం బుల్లెట్లు ఇవ్వం, ముందు తుపాకీ మరమ్మతు నిపుణుడికి చూపించండి. కొలత మీరే వేసి నంబర్ చెప్పకండి, ముక్కనే పంపండి. గాళ్లు మూడో ఐదో ఉంటే మామూలు మైక్రోమీటర్ అసలు వ్యాసం చూపదు.

మీ దగ్గర అదే తుపాకీలో పేల్చిన ఖాళీ కేసులు (తూటా తొడుగులు) ఉంటే రెండు మూడు కలిపి పంపండి. బుల్లెట్లు చేతికొచ్చాక మీరూ ఒక పరీక్ష చేసుకోవచ్చు. పేల్చాక సైజింగ్ చెయ్యని, అంటే మళ్లీ నొక్కి పాత కొలతకు తేని, కేసు మూతిలోకి కొత్త బుల్లెట్టు వేళ్లతోనే సులువుగా దిగాలి. దిగకపోతే దాన్ని లోడ్ చేయకండి. చాంబర్ మెడలో చోటు లేదని అర్థం. కేసు మెడ విచ్చుకుని బుల్లెట్టును వదలలేకపోతే, అదే పౌడరు అనుకోనంత పీడనం పుట్టిస్తుంది. పోత బుల్లెట్లు మెత్తన కాబట్టి ఏమైనా ఫర్వాలేదనే నమ్మకం చాలామందిలో ఉంది. మాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఆ నమ్మకమే.

ఇప్పుడు మా బుల్లెట్ల ధర కూడా పెరిగింది, దానికి కారణం లోహం. టైర్లకు బిగించే పాత బరువులు కరిగిస్తే చవకే, కానీ వాటిలో ఇప్పుడు జింకు, ఇనుము చాలా కలిసి వస్తున్నాయి. కొద్దిపాటి జింకు కలిసినా అచ్చు సరిగా నిండదు, బుల్లెట్టు అంచులు గుండ్రబడతాయి. అందుకే 90 పాళ్ల సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ ఉన్న మిశ్రమాన్ని పరీక్ష పత్రంతో కొంటున్నాం. దీని గట్టిదనం బ్రినెల్ లెక్కలో 15 దగ్గర ఉంటుంది. తక్కువ వేగపు లోడ్లకు ఇంకా మెత్తన కావాలంటే సీసం, తగరం మాత్రమే కలిపి పోస్తాం.

ఫోన్‌లో "ఎంత పౌడరు వెయ్యాలి?" అని అడిగితే ఇకపై చెప్పం. తూటాలు సొంతంగా నింపుకోవడం గురించి అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్ చూడండి, అందులోని కనీస లోడుతో మొదలుపెట్టండి. అంతకంటే ముందు గొట్టం మీది ప్రూఫ్ ముద్రలు, అంటే ఏ మందుకు పరీక్షించారో చెప్పే గుర్తులు, చూడాలి. జర్మన్ తుపాకీ మీద కిరీటం కింద 'ఎన్' అక్షరం గానీ, గద్ద కింద 'ఎన్' గానీ, 'నైట్రో' అనే మాట గానీ లేకపోతే, నిపుణుడు చూసి చెప్పేదాకా అది పొగలేని పౌడరుకు పనికిరాని నల్లమందు తుపాకీయే అనుకోండి.

9.3×72ఆర్ కేసు పొడుగు, వేగంగా మండే పిస్టల్ పౌడరు మోతాదు చిన్నది. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి తెలియదు. బుల్లెట్లు పెట్టే ముందు ట్రేలోని ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడండి. శబ్దం తక్కువగా వచ్చి, తన్ను తెలియకపోతే అక్కడే ఆపేయండి. బుల్లెట్టు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది. డ్రిల్లింగులో మూడు గొట్టాలనూ టంకం వేసి కలిపి ఉంచుతారు, ఒకటి చెడితే మిగతా రెండూ ఇబ్బందిలో పడ్డట్టే.

షాట్‌గన్ గొట్టాల గురించి కూడా అడుగుతున్నారు. వాటి తూటాలు మేం అమ్మం. అయితే పాత 16 గేజ్ చాంబర్లు చాలావరకు 65 మిల్లీమీటర్లవి. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పట్టినట్టే కనిపిస్తుంది, పేలాక మూతి విచ్చుకోవడానికి మాత్రం చోటుండదు. చాంబర్ కొలిపించుకోకుండా వేయకండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు సీసపు ముక్క పంపితే పాత ధరకే బుల్లెట్లు ఇస్తాం. ఆగలేమంటే డబ్బు మొత్తం వెనక్కి పంపుతాం. ముక్కను దూదిలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి, నొక్కుకుపోతే కొలత పనికిరాదు. డబ్బా మీద మీ ఆర్డర్ నంబర్ రాయండి.