సైలెన్సర్ మార్చే ముందు ఒక్కసారి చదవండి

అన్నలూ తమ్ముళ్లూ, జర్మనీలో బయట కొన్న సైలెన్సర్లు బండికి పెట్టుకుంటున్నారు కదా మనకెందుకు వద్దంటారని పొద్దున్నుంచి అడుగుతున్నారు. అక్కడ కూడా ఊరికే పెట్టుకోనివ్వరు, పార్టుకి అప్రూవల్ ఉండాలి, లేదంటే ఇంజనీరుకి చూపించి బండి కాగితాల్లో ఎక్కించుకోవాలి, పైగా రెండేళ్లకోసారి బ్రేకులు, లైట్లు, టైర్లు, సౌండ్ అన్నీ చెక్ చేయించుకోవాల్సిందే. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన బండికి ఏటా ఎంఓటీ అనే బండి ఫిట్‌నెస్ టెస్ట్ ఉంటుంది. టెక్సాస్‌లో ఉన్న మనోళ్లకి మాత్రం 2025 జనవరి నుంచి సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షనే తీసేశారు.

మన దగ్గర 15 ఏళ్లదాకా సొంత బండిని ఫిట్‌నెస్‌కి ఎవరూ పిలవరు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలు, అందుకే ఏం చేసినా చెల్లుతుందనుకుంటున్నారు, కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, అదే చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 ఫైన్, ఆర్నెల్లదాకా జైలు కూడా పడొచ్చు. హైదరాబాద్, వైజాగ్‌లో పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించారు, చూశారుగా. పైపు మీద గుండ్రంలో 'ఈ' మార్కు ఉందని షాపోడు చూపిస్తాడు, అది యూరప్ అప్రూవల్, మన దగ్గర దాంతో పనవదు. డబ్బులు కట్టేముందు ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.