కోసిన వలకు ఖరీదు కట్టండి: మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

రాష్ట్ర మత్స్యశాఖ మంత్రిగారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని మత్స్యకార గ్రామం. మొన్న మాఘమాసంలో ఒక తెల్లవారుజామున మా బాబాయి వలలో తాబేలు పడింది. పడవ అంచుకు లాగి చూస్తే, ముందు రెక్కకు నైలాన్ దారం మూడు నాలుగు చుట్లు పడి చర్మంలోకి దిగిపోయి ఉంది. కళ్ల నుంచి జిగటగా నీరు కారుతోంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుందని చదువుకున్నాను గానీ, ఎదురుగా చూస్తున్నప్పుడు అది ఏడుపుగానే తోచింది. బాబాయి కత్తి తీసి వల కోశాడు. డిప్ప రెండు చేతులా పట్టుకుని నీళ్లలోకి దించి, "వెళ్లిరా స్వామీ" అని దండం పెట్టాడు. శ్రీకూర్మనాథుణ్ణి కొలిచే ఊళ్ల వాళ్లం, మరోలా చేయలేం. ఆ వల బాగుచేసుకునే వారం రోజులూ ఆయనకు వేట లేదు.

ఆ వారం కూలి ఎవరిస్తారని అడగడానికే ఈ లేఖ.

2025 ఏప్రిల్‌లో మన బుడగట్లపాలెంలోనే 'మత్స్యకారుల సేవలో' పథకం మొదలుపెట్టి, వేట విరామానికి కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చారు. సంతోషం. కానీ విరామం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తాబేళ్లు గుడ్లకు ఒడ్డు చేరేది ఎక్కువగా అంతకుముందే, మేము నడి వేటలో ఉన్నప్పుడు.

గుజరాత్ తీరంలో 2004 నుంచి తిమింగల సొర (వేల్ షార్క్) అనే పెద్ద చేపకు 'వహాలీ' అని ముద్దుపేరు పెట్టుకుని, పోరుబందరు వంటి ఊళ్లు దాన్ని తమ చిహ్నంగా చేసుకున్నాయి. అది పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల అని రామకథా ప్రవచనకారుడు మొరారీ బాపు చెప్పిన మాట జాలరుల గుండెకు తగిలింది. మాటతోనే ఆగలేదు. వల కోసి సొరను వదిలినవారు ఫోటో చూపితే అక్కడి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. తాబేలు కూడా తాను పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుంది. పుట్టింటి మాట దానికి ఇంకా బాగా నప్పుతుంది.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో తీర రక్షక దళం 'ఆపరేషన్ ఒలీవియా' పేరిట ఏటా నవంబరు నుంచి మే వరకు నౌకలతో, విమానాలతో తాబేళ్లకు కాపలా కాస్తోంది. 2025 ఫిబ్రవరిలో అక్కడి రుషికుల్య నది దగ్గర దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్లు గుడ్లు పెట్టాయి. మన బారువ, కళింగపట్నం ఒడ్డుకు వచ్చేవీ ఆ జాతివే. మన మెరైన్ పోలీసుల పడవల మీద కూర్మం బొమ్మ వేయించండి. ఆపదలో ఉన్న తాబేలు గురించి ఫోను చేస్తే వచ్చే పడవ అదేనని ప్రతి పల్లెకూ తెలియాలి. ట్రాలర్ల (వల ఈడ్చుకెళ్లే మరపడవల) వలలకు తాబేలు తప్పించుకునే ఇనుప చట్రం ఉందో లేదో రేవులోనే తనిఖీ చేయించండి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి, గంటల తరబడి నీళ్లలో ఈడిస్తే చచ్చిపోతుంది.

అన్నిటికంటే ముందు, కోసిన వలకు ఖరీదు కట్టే ఉత్తర్వు వచ్చే డిసెంబరులోగా ఇవ్వండి. బాబాయి కోసిన వల ముక్క మా ఇంట్లోనే ఉంది. మీరు జిల్లాకు వచ్చినప్పుడు తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
గార మండలం నుంచి ఒక మత్స్యకార కుటుంబీకుడు